నేను చదివింది, పెద్దమ్మ చెప్పింది

గడిచిన ఏడాది నేను తొమ్మిది పుస్తకాలు చదివాను. బాగా చదివేవాళ్లకు ఇదొక లెక్క కాదు. కానీ అంతకు ముందు పన్నెండేళ్లలో నేను ఒక్క పుస్తకమూ చివరిదాకా చదవలేదు. పైగా నేను తెలుగు టీచర్ని. బడిలో పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పి, పిల్లల వ్యాసాలు దిద్ది, ఇంటికి వచ్చి ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరైనా "ఈ మధ్య ఏం చదువుతున్నారు మేడం?" అని అడిగితే "టైమెక్కడిదండీ" అనేదాన్ని. టైముండేది. చదవాలన్న కోరికే ఎప్పుడో జారిపోయింది. అది ఒప్పుకోవడానికి సిగ్గు.

మా ఇల్లు వికారాబాద్‌లో. పోయిన జనవరిలో నాకు తాండూరు బడికి బదిలీ అయింది. పొద్దున ప్యాసింజర్ ఎక్కితే గంటలోపు తాండూరు. వెళ్లిన మొదటి వారమే రైలు దిగుతుంటే ఫోన్ చేతిలోంచి జారి పట్టాల మధ్య కంకర మీద పడింది. బాగు చేసేవాడు రెండు రోజులన్నాడు, మూడు వారాలు తిప్పాడు.

మా ఆయనది మోటార్ వైండింగ్ దుకాణం. ఆ వారంలోనే ఒక సాయంత్రం బండి మీద గోనెసంచి వేసుకుని వచ్చాడు. వాకిట్లో దించి మూతి విప్పితే పుస్తకాలు.

"ఎవలో ఇల్లు ఖాళీ జేస్తున్నరు. మోటర్ బాగు జేసినంక, గివన్నీ పాత సామాన్లోనికి ఏస్తం అన్నరు. మా ఇంట్ల తెలుగు టీచర్ ఉన్నదని పట్టుకొచ్చిన" అన్నాడు.

"నాకెందుకు గివి?"

"ఫోన్ లేదు గద. రైల్ల ఊకె కూసునుడేనా?"

సంచిలో ఏడు పుస్తకాలున్నాయి. మర్నాడు పొద్దున చూడకుండా ఒకటి తీసి బ్యాగులో వేసుకున్నాను. అదొక నవల. అట్ట లేదు, మొదటి రెండు కాగితాలు లేవు. పేరేమిటో, రాసిందెవరో తెలియదు. బావులు తవ్వే ఒక మనిషి, అతని భార్య, ఇద్దరు కూతుళ్లు. సంతలో చిన్న కూతురు తప్పిపోతుంది. పెద్దది వెతుక్కుంటూ ఊరూరూ తిరుగుతుంది. తల్లి గయ్యాళి, మాట మాటకీ మొగుణ్ని తిడుతుంది, కానీ నవ్వొచ్చేలా తిడుతుంది.

మూడో రోజో నాలుగో రోజో, ధారూర్‌లో ఎక్కి నా ఎదురుగా కూర్చునే ఒక పెద్దావిడ నన్నే చూస్తూ ఉంది. అరవై దాటి ఉంటాయి. మెడలో నల్లదారానికి చిన్న శిలువ, ఒళ్లో స్టీలు టిఫిన్. తాండూరులో పప్పుమిల్లులో కందిపప్పు ఏరే పని ఆవిడది. సాయంత్రం బండిలో కూడా కనిపించేది, చీర కొంగుకు పసుపుపచ్చటి పప్పుపొడి అంటుకుని.

"ఏం టీచరమ్మా, ముఖం గట్ల పెట్టినవు? ఏమన్న పరేషానా?" అంది.

"లేదు పెద్దమ్మా, కథ. ఒక పిల్ల తప్పిపోయింది."

"ఏ ఊళ్లె?"

"పుస్తకంలో."

ఆవిడ టిఫిన్ పక్కన పెట్టింది. "నాకు గూడ వినపడేటట్టు సదువు. ఊకె బయటికి చూసుకుంట పోవుడే గద" అంది.

చదివాను. ఒక పేజీ అయ్యాక చెయ్యెత్తి ఆపింది. "గిట్ల కాదు బిడ్డా. బడిల పిల్లలకు సదివినట్టు సదువుతున్నవు. ఇంట్ల ముచ్చట చెప్పినట్టు చెప్పు."

ఇరవై ఏళ్లుగా తరగతిలో చదువుతున్నాను. ఆ మాట ఎవరూ నాతో అనలేదు. కొంచెం రోషం వచ్చింది. కానీ గొంతు తగ్గించి, తల్లి మాటలను మా అత్తగారు మాట్లాడే తీరులో చదివాను. పెద్దమ్మ పకపకా నవ్వింది. పక్క సీటులో చీపుర్ల కట్టలు పెట్టుకుని కూర్చున్నావిడ కూడా ఇటు తిరిగింది.

అలా మొదలైంది. ధారూర్ నుంచి తాండూరుకు అరగంట. ఆ అరగంటలో నాలుగు పేజీలో అయిదో అయ్యేవి. ఫోన్ బాగై వచ్చినా బ్యాగులోంచి తీసేదాన్ని కాదు.

తొమ్మిదో అధ్యాయంలో తల్లి చనిపోతుంది. కూతురి బెంగతో మంచం పట్టి, ఒక వాన రోజున. అది వింటూ పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తాండూరు రాగానే టిఫిన్ తీసుకుని పోతున్నానని కూడా చెప్పకుండా దిగిపోయింది. మర్నాడు మాత్రం కూర్చోగానే "ఊ, ముంగటికి సదువు" అంది.

మార్చి చివర పుస్తకం అయిపోయింది. అయిపోయిందంటే, కాగితాలు అయిపోయాయి. పెద్ద కూతురు ఏదో పట్నంలో ఒక ఇంటి ముందు నిలబడి తలుపు తట్టడానికి చెయ్యెత్తుతుంది. తర్వాత అట్ట కుట్టిన దారం తప్ప ఏమీ లేదు.

"అంతేనా?" అంది పెద్దమ్మ.

"చివరి పేజీలు లేవు పెద్దమ్మా."

"లేకుంటె ముందుగాల జూసుకోవద్దా? మూడు నెలలు మమ్ముల కూసోవెట్టి, తలుపు కాడ నిలవెట్టి పోతవా?"

రెండు రోజులు నా మీద అలిగింది. వేరే సీటులో కూర్చుంది. మూడో రోజు తనే వచ్చి, తలుపు తీసింది ఆ చెల్లెలేనని, అక్కను మొహం చూసి కాదు, దగ్గు విని గుర్తుపట్టిందని, ఇద్దరూ కలిసి రాత్రికి రాత్రే ఊరికి బయల్దేరారని చెప్పింది. చెప్పిన తీరు ఎంత నమ్మకంగా ఉందంటే నేనూ తలూపాను.

వేసవి సెలవులొచ్చాయి. రైలు లేదు, పెద్దమ్మ లేదు. ఇంట్లో ఫ్యాను కింద పుస్తకం తెరిస్తే రెండు పేజీలకే నిద్ర వచ్చేది. ఎవరికీ వినిపించకుండా చదవడం మరిచిపోయానేమో అనిపించింది. ఒకరోజు ఎండ చల్లబడ్డాక వికారాబాద్‌లో లైబ్రరీకి వెళ్లాను. నేను ఆ ఊళ్లో ఇన్నేళ్లుండి అక్కడ అడుగుపెట్టింది మొదటిసారి. బీరువాలో వరసగా పుస్తకాలు తీసి మొదటి పేజీలు చూస్తుంటే, ఒకదానిలో బావి తవ్వే మనిషి గునపం భుజాన వేసుకుని వస్తున్నాడు. అదే నవల. దీనికి అట్టుంది, అట్ట మీద బావిలోంచి పైకి చూస్తున్న మనిషి బొమ్మ ఉంది, చివరి పేజీలున్నాయి.

కుర్చీ దాకా వెళ్లలేకపోయాను. బీరువా దగ్గరే నిలబడి ఆఖరి అధ్యాయం చదివేశాను. తలుపు తీసింది చెల్లెలే. కానీ ఆమె వెంట రానంటుంది. తనకిక్కడ ఒక ఇల్లుంది, ఒక బతుకుంది. అక్క ఒక పూట ఉండి, చెల్లెలి చేతి అన్నం తిని, ఒక్కతే తిరిగి బయల్దేరుతుంది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆ వెంటనే వచ్చిన ఆలోచన మాత్రం, ఇది పెద్దమ్మకు ఎలా చెప్పాలని. పుస్తకం నా పేర రాయించుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

జూన్‌లో బడులు తెరిచారు. ధారూర్‌లో పెద్దమ్మ ఎక్కలేదు. వారం చూశాను. చివరికి మిల్లులో పనిచేసే ఇంకొకావిడ చెప్పింది, వాళ్లాయన వాకిట్లో జారి పడ్డాడని, నడుము పట్టేసిందని, పెద్దమ్మ పనికి రావడం లేదని. ఆయనకు రెండేళ్ల కింద పక్షవాతం వచ్చిందన్న సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. మూడు నెలలు ఎదురెదురుగా కూర్చుని, పుస్తకంలో వాళ్ల కష్టాలన్నీ మాట్లాడుకున్నాం గానీ, ఆవిడ ఇంట్లో ఎవరున్నారో నేను అడగలేదు.

ఆ శనివారం సాయంత్రం తిరుగుబండిలో వస్తూ ధారూర్‌లో దిగాను. స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరమే. నాపరాళ్లు పరిచిన చిన్న వాకిలి, రేకుల ఇల్లు. పెద్దయ్య అరుగు మీద మంచంలో ఆనుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు తాండూరు వైపు నాపరాయి గనుల్లో పనిచేసిన మనిషి. కుడి చెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది, మాట కొంచెం ముద్దగా వస్తోంది, కానీ అర్థమవుతుంది.

"రైలు టీచరమ్మ వచ్చింది" అని పెద్దమ్మ చెప్పగానే ఆయన ముఖం వెలిగింది.

"రా బిడ్డా, కూసో. గా తల్లి మంచిగున్నదా?" అన్నాడు.

మా అమ్మ సంగతి అడుగుతున్నాడనుకున్నాను. "బాగుంది పెద్దయ్యా, మా తమ్ముడి దగ్గరుంది" అన్నాను.

"నీ తల్లి కాదు. గా బాయిలు తవ్వెటోని పెండ్లాం. మొగున్ని తిడ్తది సూడు, గామె. సెలవులల్ల ముచ్చట ఆగిపాయె. ఏం జేస్తున్నది ఇప్పుడు?"

ఆమె తొమ్మిదో అధ్యాయంలోనే పోయింది. తలెత్తితే, ఆయన మంచం వెనక నిలబడ్డ పెద్దమ్మ నా వైపు చూస్తూ తల అడ్డంగా ఊపుతోంది, కళ్లతో వద్దు వద్దంటోంది.

"మంచిగనే ఉంది పెద్దయ్యా" అన్నాను. "పెద్ద పిల్ల కోసం ఎదురు చూస్తోంది."

"తిడ్తనే ఉన్నదా?"

"తిడుతూనే ఉంది."

ఆయన నవ్వాడు. ఎడమ వైపు మాత్రమే నవ్వే ముఖం.

తర్వాత పెద్దమ్మ నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. పొయ్యి మీద చాయ్ పెడుతూ చెప్పింది. "పక్షవాతం వచ్చినంక ఆయిన మాట బందు జేసిండు బిడ్డా. అన్నం ముంగట పెడితె ఊకె సూసెటోడు. నువ్వు పొద్దుగాల సదివింది నేను పొద్దూకి వచ్చి చెప్తుంటి. గా తల్లి మాటలు చెప్తె నవ్విండు. 'మా అవ్వ గిట్లనే తిట్టేది' అన్నడు. ఏడాదిన్నరకు గదే మొదటి మాట. గప్పటిసంది దినాం ఆమె ముచ్చటే అడుగుతడు. మరి ఆమెను నేనెట్ల సంపాలె చెప్పు?"

"అయితే తొమ్మిదో అధ్యాయం తర్వాత ఆమె ఏం చేస్తోంది?"

"ఏం జేస్తది? జొన్నరొట్టెలు జేస్తది. మొగున్ని తిడ్తది. పెద్దపిల్లకు గీ ఊరికి పో, గా ఊరికి పో అని దారి చెప్తది" అంది పెద్దమ్మ, అదంతా తన కళ్ల ముందే జరిగినట్టు.

నేను పుస్తకం దొరికిందని చెప్పాను. చివర ఏమైందో చెప్పమంటావా అని అడిగాను. ఆవిడ గ్లాసు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "నాకు చెప్పు. ఆయినకు ఏం చెప్పాలెనో నేను చూసుకుంట" అంది.

చెప్పాను. పెద్దమ్మ పొయ్యిలో పుల్లలు ముందుకు తోసింది.

"రానన్నదా?"

"రానంది."

"అన్నం అయితె పెట్టింది."

"పెట్టింది."

"మంచిది. గది గూడ నిజమే. అందరు వస్తరా ఏంది? కని ఆయినకు మాత్రం ఇద్దరిని ఇంటికి తెస్త" అంది.

వెళ్లబోతుంటే, నా బ్యాగులో పుస్తకం కనిపించి పెద్దయ్య చూపించమన్నాడు. అట్ట మీద బొమ్మను వేలితో తడిమాడు. "నేను గూడ రెండు బాయిలు తవ్విన బిడ్డా, వయసుల ఉన్నప్పుడు. జర ఈడ పెట్టిపోతవా? బొమ్మ మంచిగున్నది" అన్నాడు. పెట్టి వచ్చాను.

జూలైలో ఆయన నడుము కుదురుకుంది. పెద్దమ్మ మళ్లీ మిల్లుకు రావడం మొదలుపెట్టింది. పుస్తకం వెనక్కివ్వాల్సిన రోజు వచ్చిందంటే, "ఆయిన గా బొమ్మను ఇడుస్తలేడు, ఇంకొన్ని దినాలు ఉంచు" అనేది. నేను లైబ్రరీలో అడిగి గడువు పెంచుకున్నాను. రైల్లో వేరే పుస్తకాలు మొదలుపెట్టాం. తేనెటీగల మీద ఒక పుస్తకం పెద్దమ్మకు ఎంత నచ్చిందంటే, రాణీగ సంగతి మిల్లులో అందరికీ చెప్పింది. తోటల్లో కూర్చుని మాట్లాడుకునే పెద్దింటివాళ్ల నవల ఒకటి పది పేజీలు విని, "వీళ్లకు పనేం లేదా బిడ్డా? మార్చు" అంది. అది నేను ఇంట్లో పూర్తి చేశాను. ఈసారి నిద్ర రాలేదు.

ఆగస్టు చివర్లో పుస్తకం తెచ్చుకోవడానికి మళ్లీ ధారూర్ వెళ్లాను. పెద్దమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. పెద్దయ్య దిండు కింద నుంచి పుస్తకం తీశాడు. ఎడమ చేత్తో పేజీలు తిప్పి ఒక చోట ఆపాడు. అక్కడ గుర్తుకు చింతాకు పెట్టుకున్నాడు. వేలు అక్షరాల కింద పెట్టి, మెల్లగా, కూడబలుక్కుంటూ ఒక వాక్యం చదివాడు. వాన కురుస్తోంది, తల్లి కళ్లు మూసుకుంది.

నేను ముందుకు వంగి చూశాను, పేజీలో సరిగ్గా అదే ఉంది.

"బడిల అయిదు దాక సదివిన" అన్నాడు. "యాభై ఏండ్లాయె, మర్చిపోయిన అనుకున్న. మొదలు దినానికి నాలుగు లైన్లే. ఆమె పనికి పోంగనె తీస్తుంటి. వచ్చేయాల్లకు దిండు కింద పెడుతుంటి." లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆమెకు చెప్పకు బిడ్డా. ఎంత కష్టపడి బతికిస్తున్నదో. నిన్న గా తల్లి సంతకు పోయి మొగునికి చెప్పులు కొన్నదట. ఏ పేజీల లేదు గది. కని ఎంత మంచిగ చెప్పిందో!"

"మరి మీరేమన్నారు?"

"ఏమంట? చెప్పులు సరిపోయినయా అని అడిగిన."

పెద్దమ్మ చాయ్ పట్టుకుని వచ్చింది. "ఏం గుసగుసలు?" అంది. బాయిల ముచ్చట అన్నాడాయన. నేను చాయ్ తాగడం మీద పడ్డాను, ముఖం చూస్తే ఆవిడ పట్టేస్తుందని భయం. ఒకరి సంగతి ఒకరికి చెప్పకూడదు, ఇద్దరిదీ నా దగ్గరే ఉంది. ఆ రోజు రైల్లో ఇంటికొస్తూ నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కనున్నవాళ్లు చూశారు. మా ఆయనకు మాత్రం చెప్పాను. ఆయన విని, "ఆలుమొగలు అంటె గట్ల ఉండాలె" అని, అప్పటిదాకా విప్పుతున్న మోటారు పక్కన పెట్టి నాకు మామిడికాయ పచ్చడి సీసా మూత తీసిచ్చాడు. ఆ సీసా పొద్దుటి నుంచి తీయమంటున్నాను.

పెద్దయ్య ఇప్పటికీ చదువుతున్నాడు. సంచిలోవి ఒక్కొక్కటి ఇస్తున్నాను, పెద్దమ్మతో బొమ్మలు చూడ్డానికని చెప్పి. ఒక ఆదివారం నన్ను ఒక సంగతి అడిగాడు, రాసేవాళ్లు తల్లులను ఎందుకంత తొందరగా చంపేస్తారని.

ఆ ఏడాది చదివిన తొమ్మిదిలో ఒకటి మాత్రం నేను ఎవరికీ వినిపించలేదు. దసరా సెలవుల్లో దొరికిన చిన్న పుస్తకం, ఎవరో పల్లెటూరి పంతులమ్మ తన ఉద్యోగం గురించి రాసుకున్నది. పాఠం చెబుతూ చెబుతూ తను చెప్పేది తనకే వినిపించడం మానేసిన రోజు గురించి అందులో రెండు పేజీలున్నాయి. ఆ రెండు పేజీలు ఎన్నిసార్లు చదివానో. సెలవులయ్యాక రైల్లో అది నా చేతిలో చూసి పెద్దమ్మ, "గిది నాకు చెప్పవా?" అంది.

"ఇది నేనే ఉంచుకుంటా పెద్దమ్మా."

"ఉంచుకో బిడ్డా. అన్నీ పంచేటివి ఉండవు" అని కిటికీ వైపు జరిగింది. ఆ రోజు తాండూరు దాకా ఇద్దరం మాట్లాడుకోకుండానే వెళ్లాం. అదీ బాగుంది. ఆ నెల నుంచే తొమ్మిదో తరగతికి శనివారం చివరి పీరియడ్‌లో పాఠం ఆపి కథ చదువుతున్నాను. ఇంట్లో ముచ్చట చెప్పినట్టు.

డిసెంబర్‌లో పెద్దమ్మ పని మానేస్తున్నానని చెప్పింది. రోజంతా కింద కూర్చుని పప్పు ఏరడానికి మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. ఆవిడ ఆఖరిసారి పనికి వచ్చిన రోజు బాగా చలి. రైలు కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మునగచెట్టు కోసం కొట్లాడుకునే ఇద్దరు పక్కింటాళ్ల కథ చదువుతున్నాను. ఇంకా నాలుగు పేజీలుండగానే తాండూరు వచ్చేసింది.

దిగాం. నేను పుస్తకం మూసి బ్యాగులో పెట్టబోతుంటే పెద్దమ్మ ప్లాట్‌ఫారం మీద బెంచీ చూపించింది.

"బడికి ఆలస్యమైతది పెద్దమ్మా" అన్నాను.

"నాకు గూడ మిల్లుకు ఆలస్యమైతది. ఇయ్యాల నన్ను ఎవలేమంటరు? నిన్ను మీ సార్ ఏమన్న అంటడా?"

"అంటాడు."

"అననియ్యి."

కూర్చున్నాం. జనం మెట్ల వైపు పోతూ మమ్మల్ని చూశారు. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే పేజీలు తిప్పుతూ చదివాను. చివర్లో ఆ ఇద్దరు ఆడవాళ్లు ఒకే గిన్నెలో మునక్కాడలు వండుకునే చోట పెద్దమ్మ నవ్వి, "ఉప్పు ఎవలేసిన్రో చెప్పలేదు" అంది. పుస్తకంలో నిజంగానే ఆ మాట లేదు. తర్వాత టిఫిన్ చేతిలోకి తీసుకుని లేచింది, మోకాలు పట్టుకుని ఒక్క నిమిషం నిలబడి, మిల్లు వైపు నడిచింది.

నేను బడికి చేరేసరికి మొదటి గంట దాటిపోయింది. హెడ్మాస్టర్ గడియారం చూసి, నన్ను చూసి, ఏమైందని అడిగాడు. కథ అయిపోలేదు సార్ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. సంతకం చేసి క్లాసుకు పోయాను.